బంతి ఎక్కడ ఆగాలి?

గోల్ఫ్ నేర్చుకునేవాళ్లని ప్రాక్టీస్ గ్రీన్ మీద కాసేపు గమనించండి. బంతి వెనక గొంతుక్కూర్చుంటారు. ఒక కన్ను మూసి గురి చూస్తారు. లేచి, ఏదో అనుమానం వచ్చి మళ్లీ కూర్చుని, బంతి మీద గీసిన గీతని హోల్ వైపు సరిచేస్తారు. ఈ హంగామా అంతా దిశ కోసమే. ఎంత బలంగా కొట్టాలన్నది మాత్రం ఆఖరి క్షణంలో చేతికి వదిలేస్తారు. తీరా కొట్టాక బంతి దారి తప్పదు కానీ, హోల్‌కి ఆరడుగుల ముందే నిలిచిపోతుంది. లేదా హోల్ అంచు పక్కనుంచి జారిపోయి ఆరడుగులు దాటి ఆగుతుంది.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. హోల్ చుట్టూ గడ్డిని కొన్ని మిల్లీమీటర్ల ఎత్తుకి కత్తిరించి నున్నగా ఉంచే జాగాని గ్రీన్ అంటారు. అక్కడ బంతిని గాల్లోకి లేపరు. పటర్ అనే చదును మొహం కర్రతో నేల మీద దొర్లిస్తారు. అదే పటింగ్. 300 గజాలు ఎగరేసినా ఒక దెబ్బే, మూడడుగులు దొర్లించినా ఒక దెబ్బే. 72 దెబ్బల్లో పూర్తిచేయాలని నిర్ణయించిన మైదానంలో 36 దెబ్బలు, అంటే హోల్‌కి రెండు చొప్పున సరిగ్గా సగం, పటింగ్‌కే కేటాయించి ఉంటాయి.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం. హోల్ 30 అడుగుల దూరంలో ఉందనుకోండి. గురి ఒక డిగ్రీ తప్పితే బంతి హోల్‌కి ఆరంగుళాల పక్కగా పోతుంది. రెండు డిగ్రీలు తప్పితే అడుగు. రెండు డిగ్రీలంటే పక్కన నిలబడ్డవాడికి కూడా కనిపించేంత తప్పు. వేగం సంగతి అలా కాదు. ఇవ్వాల్సినదానికంటే 5 శాతం ఎక్కువ ఇస్తే బంతి మూడడుగులు అదనంగా దొర్లుతుంది. 10 శాతం ఎక్కువైతే ఆరడుగుల పైచిలుకు. వేగంలో 5 శాతం తేడా చేతికి తెలియను కూడా తెలియదు. దూరపు పటింగ్‌లో మనల్ని ముంచేది దిశ కాదు, దూరమే. అయినా సాధనలో ఎక్కువ భాగం దిశకే పోతుంది.

వేగంలో చిన్న తప్పు దూరంలో అంత పెద్దది ఎందుకవుతుంది? దొర్లే బంతిని గడ్డి దాదాపు ఒకే బలంతో వెనక్కి లాగుతూ ఉంటుంది. అలాంటప్పుడు బంతి పోయే దూరం వేగానికి కాదు, వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. వేగం రెట్టింపయితే దూరం నాలుగు రెట్లు. ఈ సంబంధాన్ని గ్రీన్ మీద అంకెల్లో చూడాలంటే ముందు ఆ గ్రీన్ ఎంత నునుపో కొలవాలి. ఆ కొలమానం పుట్టిన కథ 1935లో మొదలవుతుంది.

ఆ ఏడాది యూఎస్ ఓపెన్ పెన్సిల్వేనియాలోని ఓక్‌మాంట్ మైదానంలో జరిగింది. అక్కడి గ్రీన్లు ఎంత దారుణంగా జారాయంటే, మొత్తం పోటీని 300 దెబ్బల లోపు ముగించినవాడు ఒక్కడే. 299తో శామ్ పార్క్స్ గెలిచాడు. జీన్ సారజెన్ అంతటి మేటి కొట్టిన బంతి గ్రీన్ దాటి దొర్లిపోవడం ప్రేక్షకుల్లో ఉన్న ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే మసాచుసెట్స్ ఆటగాడు చూశాడు. తప్పు ఆటగాడిది కాదు, గ్రీన్‌ది అని అతనికి గట్టిగా అనిపించింది. అనిపిస్తే చాలదు, నిరూపించాలిగా. ఒక చెక్క వాలుపట్టీ తయారుచేశాడు. అమెరికా గోల్ఫ్ సంఘం దాన్ని నాలుగు దశాబ్దాల తర్వాత, 1976లో అల్యూమినియంతో తిరిగి రూపొందించి, 1978 నుంచి మైదానాల నిర్వాహకులకి అందించింది. స్టింప్‌మీటర్ అంటే అదే. మూడడుగుల పొడవు పట్టీ, దాని మీద 30 అంగుళాల దగ్గర చిన్న గాడి. గాడిలో బంతి పెట్టి పట్టీ చివరను మెల్లగా పైకెత్తితే, వాలు 20 డిగ్రీలకి చేరేసరికి బంతి తనంతట తాను జారి దిగుతుంది. ఎవరు ఎత్తినా, ఎప్పుడు ఎత్తినా గడ్డిని తాకేటప్పటి వేగం సెకనుకి సుమారు 6 అడుగులు. అక్కడినుంచి ఎన్ని అడుగులు దొర్లిందో అదే ఆ గ్రీన్ అంకె. వాలు ప్రభావం పోవడానికి ఒకవైపు కొన్ని, ఎదురువైపు కొన్ని బంతులు వదిలి సగటు తీస్తారు.

బోరిక్ పౌడర్ చల్లని క్యారమ్ బోర్డు మీదా, చల్లిన బోర్డు మీదా స్ట్రైకర్ తేడా తెలిసినవాళ్లకి ఈ అంకె ఏం చెబుతుందో వివరించనక్కర్లేదు. 1970ల చివర్లో అమెరికాలో మైదానాలు తిరిగి కొలిచినప్పుడు సగటు ఆరున్నర అడుగుల దగ్గర తేలింది. ఇవాళ పెద్ద పోటీల్లో 12 దాటడం మామూలు. యంత్రాలు మారాయి, గడ్డి రకాలు మారాయి. చాలాచోట్ల గ్రీన్ల వాలు మాత్రం పాత కాలం నాడు తీర్చినదే. ఆ పాత వాలు మీద ఈ కొత్త నునుపు ఏం చేస్తుందో కాసేపట్లో చూద్దాం.

అంకె 10 ఉన్న చదునైన గ్రీన్ మీద 10 అడుగులు దొర్లాలంటే సెకనుకి 6 అడుగుల వేగం కావాలి. 20 అడుగులకి 12 కాదు, ఎనిమిదిన్నర చాలు. 30కి పదిన్నర లోపే. 12 ఇస్తే బంతి 40 అడుగులు పోతుంది. పటర్ తగిలిన వెంటనే బంతి దొర్లదు, కొంతసేపు జారుతుంది. ఆ జారుడులో వేగం తగ్గి, మొదటి వేగంలో ఏడింట ఐదు వంతుల దగ్గరకొచ్చాక పూర్తిగా దొర్లడం మొదలెడుతుంది. ఆ నష్టం ప్రతి దెబ్బలోనూ అదే పాళ్లలో ఉంటుంది కాబట్టి వర్గ సూత్రం చెడదు.

పటర్‌ని లోలకంలా ఊపమని కోచ్‌లు చెబుతారు. ఇందులో భౌతికశాస్త్రం ఉంది. లోలకం చిన్నగా ఊగినా, కొంచెం పెద్దగా ఊగినా పట్టే సమయం దాదాపు ఒకటే. మంచి ఆటగాళ్ల చేతిలో పటర్ కూడా అంతే. దూరం పెరిగినకొద్దీ ఊపు పొడవు పెరుగుతుంది తప్ప దెబ్బకి పట్టే సమయం పెద్దగా మారదు. వెనక్కి వెళ్లడానికి పట్టే సమయం, ముందుకొచ్చి బంతిని తాకడానికి పట్టే సమయానికి రెట్టింపు ఉంటుంది. సమయం మారనప్పుడు ఊపు ఎంత పెరిగితే వేగం అంత పెరుగుతుంది. వేగం ఎంత పెరిగితే దూరం దాని వర్గం చొప్పున పెరుగుతుంది. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. 10 అడుగులకి పటర్‌ని జానెడు వెనక్కి తీస్తే 20 అడుగులకి రెండు జానలు తీయాలని లెక్క వేసుకుంటారు. రెండు జానలు తీస్తే బంతి 40 అడుగులు పోతుంది. తీయాల్సింది జానెడున్నర కంటే కూడా కొంచెం తక్కువ. ఈ లెక్కని మైదానంలో నిలబడి ఎవరూ చేయలేరు. చేయాల్సిన పనీ లేదు, చెయ్యి దాన్ని నేర్చుకోగలదు. ఎలా నేర్పాలన్నదే ప్రశ్న.

దానికి ముందు వాలు సంగతి. వంద అడుగులకి రెండడుగులు ఎత్తు పెరిగే వాలు కంటికి సరిగా కనిపించదు. అంకె 10 ఉన్న గ్రీన్ మీద, చదునులో 10 అడుగులు పోయే దెబ్బనే ఆ వాలు మీద ఎగువకి కొడితే బంతి 8 అడుగుల దగ్గర ఆగుతుంది. దిగువకి కొడితే పదమూడున్నర అడుగులకి చేరుతుంది. రెండువైపులా తేడా సమానం కాదు చూడండి. ఎగువలో పోయేది రెండడుగులు, దిగువలో మీద పడేది మూడున్నర. గ్రీన్ నునుపు 13కి పెరిగితే ఇది మరీ ఘోరం. చదునులో 13 అడుగులు పోయే దెబ్బ అదే వాలులో దిగువకి 19 అడుగుల పైనే పోతుంది. గ్రీన్ నునుపైనకొద్దీ గడ్డి పట్టు తగ్గుతుంది, గురుత్వాకర్షణ పాలు మాత్రం తగ్గదు. ఓక్‌మాంట్‌లో జరిగింది ఇదే.

ఇక హోల్. దాని వ్యాసం నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. 1891 నుంచీ అదే నియమం. బంతి వ్యాసం సుమారు 43 మిల్లీమీటర్లు. నిబంధనల పుస్తకంలో హోల్ వెడల్పు మారదు కానీ, బంతికి కనిపించే హోల్ వెడల్పు దాని వేగాన్నిబట్టి మారిపోతుంది. హోల్ మీదికొచ్చిన బంతి అవతలి అంచు తగిలేలోపు కనీసం తన సగం ఎత్తు కిందికి పడాలి. అంత పడడానికి పట్టేది సెకనులో పదిహేనో వంతు. ఆ వ్యవధిలో బంతి అవతలికి చేరకూడదు. హోల్ నడిమధ్యకి వచ్చిన బంతికైనా వేగం సెకనుకి 1.3 మీటర్లు దాటితే ఈ షరతు తప్పుతుంది. ఆపైన కూడా కొన్ని బంతులు వెనక అంచుకి తగిలి ఎగిరి లోపల పడతాయి. దాన్ని నైపుణ్యం అనలేం.

ఇదే లెక్కని పక్కగా వచ్చే బంతులకి స్థూలంగా వర్తింపజేస్తే ఇలా వస్తుంది. అంకె 10 ఉన్న గ్రీన్ మీద, హోల్ లేకపోతే ఇంకో అడుగున్నర దొర్లే బంతికి 108 మిల్లీమీటర్లలో పనికొచ్చేది 85 దాకా. మూడడుగులు దాటే బంతికి 64. ఐదడుగులు దాటే బంతికి నడిమధ్య గీత ఒక్కటే మిగులుతుంది. దిశ కోసం అంత తంటాలు పడిన మనిషి, చివర్లో గట్టిగా కొట్టి తన హోల్‌ని తానే సగానికి కుదించుకుంటున్నాడన్నమాట. నాసాలో శాస్త్రవేత్తగా పనిచేసి గోల్ఫ్ కోచ్‌గా మారిన డేవ్ పెల్జ్, తప్పిపోయిన బంతి హోల్ దాటి 17 అంగుళాల దగ్గర ఆగేలా కొట్టడం మేలని చెప్పాడు. హోల్ దాకా చేరని బంతి ఎలాగూ పడదు. మరీ మెల్లగా చేరే బంతిని హోల్ చుట్టూ అడుగుల తొక్కుడుకి ఎగుడుదిగుడైన గడ్డి పక్కకి తోసేస్తుంది. అందుకే ఆ అడుగున్నర. నా ఉద్దేశంలో ఆ అంకెని ఆరడుగులు, పదడుగుల దూరాలకే పరిమితం చేసుకోవాలి. 40 అడుగుల నుంచి 17 అంగుళాలు గురిపెట్టడం అత్యాశ. అక్కడ హోల్‌కి అటో ఇటో మూడడుగుల్లో ఆపగలిగితే పండగే.

మూడడుగులు అని ఎందుకంటున్నానంటే, కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రోడీ అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే వృత్తి ఆటగాళ్ల దెబ్బలని లక్షల్లో విశ్లేషించి తీసిన లెక్కలున్నాయి. మూడడుగుల నుంచి వాళ్లు నూటికి 96 సార్లు వేస్తారు. ఆరడుగుల నుంచి 66. ఎనిమిది అడుగులకి సగానికి సగం. పదికి 40, ఇరవైకి 15, ముప్పైకి 7. తెలుగు తల్లిదండ్రులకి కాలిఫోర్నియాలో పుట్టి, 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచిన సాహిత్ తీగల ఆడే టూర్ ఇది. టీవీలో 30 అడుగుల బంతి లోపల పడ్డప్పుడే చూపిస్తారు కాబట్టి వాళ్లు ఎప్పుడూ వేసేస్తారనిపిస్తుంది. నిజానికి నూటికి 93 సార్లు వాళ్లూ వేయలేరు. వాళ్ల గొప్పంతా మొదటి బంతిని మూడడుగుల్లోపు ఆపడంలో ఉంది. ఆరడుగుల దగ్గర ఆగిందంటే మూడుకి ఒకసారి మూడో దెబ్బ తప్పదు, అదీ వాళ్ల చేతికి. మన చేతి సంగతి చెప్పనవసరం లేదు.

సరే, చేతికి నేర్పడమెలా? సాధారణంగా చేసేది ఇదీ. బకెట్‌లో బంతులు తెచ్చుకుని, ఒకచోట నిలబడి, ఒకే హోల్‌కి వరసగా కొడతారు. మొదటిది పొట్టిపడుతుంది, రెండోది దాటుతుంది, నాలుగోదానికల్లా దగ్గరికొస్తుంది. పదోది పడుతుంది. కుదిరిందని ఇంటికి వెళతారు. కుదిరింది నిజమే. కానీ పదో బంతిని కొట్టింది దూరాన్ని అంచనా వేసి కాదు, తొమ్మిదో బంతిని చూసి సవరించుకుని. ఆటలో తొమ్మిదో బంతి ఉండదు. మొదటి బంతే లెక్కకొస్తుంది, దానికి ఎవరూ సాధన చేయలేదు.

దీని మీద మనస్తత్వ శాస్త్రంలో పేరున్న ప్రయోగం ఒకటుంది. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లల చేత గింజల సంచులని గురిచూసి విసిరించారు. ఒక గుంపు మూడడుగుల దూరానికే విసిరింది. ఇంకో గుంపు రెండడుగులకీ నాలుగడుగులకీ మార్చి మార్చి విసిరింది, మూడడుగులకి ఒక్కసారీ విసరలేదు. చివర్లో రెండు గుంపులకీ మూడడుగుల దగ్గరే పరీక్ష పెడితే, ఆ దూరం ముఖం చూడని గుంపే బాగా విసిరింది. రిచర్డ్ ష్మిట్ 1975లో ప్రతిపాదించిన స్కీమా సిద్ధాంతంతో దీనికి పొంతన కుదిరింది. మెదడు ఒక్కో కదలికనీ విడిగా దాచుకోదు, ఎంత బలానికి ఎంత ఫలితం అన్న సంబంధాన్ని నేర్చుకుంటుంది అన్నది ఆ సిద్ధాంతం. ఆ సంబంధం తెలియాలంటే ఒకే దూరం చాలదు. ఒక్క చుక్కతో వంపు గీత గీయలేం, మన వర్గ సూత్రం అచ్చంగా అలాంటి వంపే.

మరుసటి ఏడాది, 1979లో, షియా, మోర్గన్ మరో విషయం చూపారు. రకరకాల పనులని కలగాపులగంగా చేసినవాళ్లు సాధన జరుగుతున్నంతసేపూ తడబడ్డారు, ఒక్కోదాన్నీ వరసగా చేసినవాళ్లే బాగా చేశారు. కొన్నాళ్లాగి పరీక్షిస్తే తారుమారైంది. ఈ ఫలితం మైదానాల్లో జరిపిన పరిశోధనల్లో ప్రయోగశాలలో వచ్చినంత బలంగా రాలేదన్న మాటా చెప్పుకోవాలి. పటర్ పట్టడమే కొత్తయినవాళ్లు మొదటి కొద్దిరోజులు ఒకేచోట నిలబడి కొట్టుకోవడంలో తప్పులేదు. తర్వాత కూడా అక్కడే నిలబడితేనే తప్పు. సాధన సాఫీగా సాగుతోందంటే నేర్చుకుంటున్నామని అర్థం కాదు. ఈ ఒక్క సంగతి ఒప్పుకోవడానికి అభిమానం అడ్డొస్తుంది, అందుకే పాత అలవాటు పోదు.

మార్చి మార్చి కొట్టడానికి పద్ధతులు చాలా ఉన్నాయి. నాకు అన్నిటికంటే నచ్చింది హోల్ లేకుండా చేసేది. గ్రీన్ మీద ఖాళీగా ఉన్న వైపు తిరిగి మొదటి బంతిని పదడుగుల దూరంలో ఆపండి. రెండోది దాన్ని దాటాలి కానీ రెండడుగుల్లోపే ఆగాలి. మూడోది రెండోదాన్ని అలాగే దాటాలి. దాటకపోయినా, మరీ దాటినా మళ్లీ మొదటికి. గ్రీన్ అంచు దాకా ఎన్ని మెట్లు వేయగలిగారన్నదే స్కోరు. ఎదురుగా హోల్ ఉంటే కన్ను దిశ మీదికి పోతుంది, పడిందా లేదా అన్న లెక్కలో ఎంత దూరం తేడా అన్న సమాచారం పోతుంది. హోల్ తీసేస్తే దూరం ఒక్కటే మిగులుతుంది.

రెండోది, బంతి కొట్టాక తల ఎత్తకుండా పొట్టా, పొడుగా, ఎన్ని అడుగులు అని పైకి చెప్పి ఆ తర్వాత చూడడం. మొదట్లో నవ్వొచ్చేంత తప్పులు చెబుతారు. ప్రతి దెబ్బకీ ఫలితం బయటినుంచి వెంటనే అందుతుంటే మనిషి దాని మీదే ఆధారపడతాడని, సొంతంగా తప్పు పసిగట్టడం నేర్చుకోడని సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ 1984లో వాదించారు. ముందు ఊహించి తర్వాత చూడడం దానికి విరుగుడు. తల ఎత్తకపోవడంలో ఇంకో లాభమూ ఉంది. కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ 1992లో ఆటగాళ్ల చూపు ఎక్కడ నిలుస్తోందో కొలిచారు. మంచి ఆటగాళ్ల చూపు దెబ్బకి ముందు బంతి మీద కదలకుండా నిలుస్తుంది, బంతి వెళ్లాక కూడా క్షణంపాటు అక్కడే ఉంటుంది.

మోచేయి ఇలా, మణికట్టు అలా అని మాటల్లో నియమాలు పేర్చుకుని నేర్చుకున్నవాళ్లు ఒత్తిడిలో ఎక్కువ తడబడతారని రిచ్ మాస్టర్స్ 1992లో పటింగ్ మీదే చేసిన ప్రయోగంలో తేలింది. కాబట్టి దూరం సాధన చేస్తున్నప్పుడు చేతుల గురించి ఆలోచించకండి. గాల్లో ఒకటి రెండుసార్లు ఊపేటప్పుడు చూపు హోల్ మీదే ఉంచి, బంతి ఎక్కడ ఆగాలో ఆ చోటునే మనసులో పెట్టుకుంటే చాలు. ఇంట్లో వాడే చాపల గురించి కూడా ఒక మాట. చివర ఎత్తు ఉండి బంతిని వెనక్కి పంపే రకం దూరం సాధనకి పనికిరాదు. ఆ ఎత్తు ఎక్కించడానికి గట్టిగా కొట్టడం అలవాటవుతుంది, ఎంత గట్టిగా కొట్టామో కూడా కనిపించకుండా పోతుంది. మామూలు తివాచీ మీద అయిదు, ఎనిమిది, పదకొండు అడుగుల దగ్గర మూడు నాణేలు పెట్టి మార్చి మార్చి కొట్టుకోవడం అంతకంటే మేలు.

గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో ఆడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. వేడి ప్రాంతాల గ్రీన్ల మీద ఎక్కువగా వేసే బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయక చవితి పత్రిలో పెట్టే గరిక జాతిదే. అది నేలబారున ఒకవైపుకి పాకుతుంది. పాకిన వైపుకి కొడితే బంతి జోరుగా పోతుంది, ఎదురు కొడితే పట్టేస్తుంది. పొద్దున మంచు తడి ఉన్నప్పుడు ఒక తీరు, ఎండెక్కి ఆరాక ఇంకో తీరు. నిన్నటి చేతివాటం ఇవాళ యథాతథంగా పనికిరాదు. ఆటకి ముందు ప్రాక్టీస్ గ్రీన్ మీద గడిపే పది నిమిషాలు హోల్‌లో వేయడానికి కాదు, ఆ రోజు గడ్డి ఎంత పోనిస్తోందో తెలుసుకోవడానికి.

ఈసారి వెళ్లినప్పుడు బకెట్ బంతులు తీసుకోకండి. ఒక్క బంతి జేబులో వేసుకుని, 30 అడుగుల దూరం అడుగులేసి కొలిచి కొట్టండి. వెళ్లి దాన్ని హోల్‌లో వేసి, అక్కడినుంచి ఇంకో హోల్‌కి, ఇంకో దూరానికి వెళ్లండి. ఎన్ని పడ్డాయో రాసుకోనక్కర్లేదు. మొదటి బంతి హోల్‌కి మూడడుగుల్లోపు ఎన్నిసార్లు ఆగిందో రాసుకుంటే చాలు.